అంబలేళ

ఎస్సై మురహరికి కోపం రావడానికి కారణం ఉంది. హత్య జరిగి మూడు రోజులైంది. పదకొండు మంది సాక్షులు చెప్పినదంతా తన చేత్తోనే రాశాడు. హంతకుడెవరో కళ్ళకు కట్టినట్టు తెలిసిపోతోంది. అరెస్టుకు సరేననాల్సిన మనిషి మాత్రం కాగితాలు ముందు పెట్టుకుని కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

ఆ మనిషి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ తవిటినాయుడు. హత్య కేసుల దర్యాప్తు ఆయనది, ఎస్సైలు సాయం చేస్తారు. ఈ సర్కిల్‌కి వచ్చి రెండు నెలలు, రిటైర్మెంటుకి ఇంకా ఎనిమిది నెలలు. ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదని ఆయనకి ఒక పేరుంది. ఆయన పెట్టిన కేసు కోర్టులో వీగిపోదని ఇంకో పేరుంది. స్టేషన్లో వాళ్ళు ఆయన లేనప్పుడు గురువుగారు అంటారు, కొందరు గౌరవంగా, కొందరు వెటకారంగా. మురహరి మొదట్లో మొదటి జట్టులోనే ఉండేవాడు. ఈ మూడు రోజుల్లో మెల్లగా రెండో జట్టు వైపు జరిగాడు.

కేసు చెప్పుకోవడానికి పెద్దదేమీ కాదు. రేవుగండి ఊరికి కిలోమీటరు దూరంలో, సముద్రపు పాయ పక్కన, ఉప్పు మళ్ళున్నాయి. ఆ మళ్ళ మీద మేస్త్రీ దాలయ్య. సోమవారం మధ్యాహ్నం ఉప్పు ఎత్తుకోవడానికి వచ్చిన లారీవాళ్ళకి అతను తూము పక్క కాలవలో బోర్లా పడి కనిపించాడు. తల వెనక బలమైన దెబ్బ. పోస్టుమార్టం చేసిన డాక్టరు, ప్రాణం పోయింది తొమ్మిదికీ పదకొండుకీ మధ్యన అయ్యుంటుందన్నాడు.

ముందురోజే దాలయ్యకి, నూకరాజు అనే ఉప్పు కూలికి పెద్ద గొడవైంది. మడికి నీరు పెట్టే వంతు దగ్గర మొదలై, నీ అంతు చూస్తానంటే నీ అంతు చూస్తానని ఇద్దరూ అనుకున్నారు. ఊరంతా విన్నది. సోమవారం పొద్దున నూకరాజు భుజాన పార పెట్టుకుని తూము గట్టు మీద నిలబడి ఉండగా గున్నమ్మ అనే కూలిమనిషి చూసింది. ఉప్పు నిలవచేసే కొఠారులో గుమాస్తా కూర్మారావు కూడా చూశాడు. ఇద్దరూ చెప్పింది ఒకటే వేళ, పది గంటలు.

నూకరాజు మాత్రం తాను ఎనిమిది గంటల బస్సుకి టౌనుకి పోయానని, ఉప్పునీటికి పగిలిన కాళ్ళకి పెద్దాసుపత్రిలో కట్టు కట్టించుకున్నానని అంటున్నాడు. ఆసుపత్రి చీటీ మీద తేదీ ఉంది, టైము లేదు. పదికి గట్టు మీదున్న మనిషి పన్నెండుకి ఓపీ మూసేలోపల ఆసుపత్రికి పోలేడా ఏమిటి? మురహరి ఆ సంగతి అక్కడితో కొట్టేశాడు.

స్టేషన్ ఎదురుగా సైకిలు షాపు రేకుల కింద నూకరాజు భార్య పైడితల్లి మూడు రోజులుగా కూర్చునే ఉంది. ఎవర్నీ ఏమీ అడగదు. జీపు గేటు దాటి బయటికొచ్చినప్పుడల్లా లేచి నిలబడుతుంది, అది ఇంట్లో ఉన్న మొగుడి కోసం తన ఊరి వైపు తిరుగుతుందేమోనని. తిరగకపోతే మళ్ళీ కూర్చుంటుంది. మురహరి ఆమె వైపు చూడటం మానేశాడు.

"సార్, పైనుంచి మళ్ళీ ఫోనొచ్చింది," అన్నాడు మురహరి. "రేపు మధ్యాహ్నానికి పత్రికలవాళ్ళని పిలుద్దామా అని అడుగుతున్నారు."

తవిటినాయుడు తల ఊపి, గున్నమ్మ వాంగ్మూలం తీసి పైకి చదవడం మొదలుపెట్టాడు.

"'నేను పై చిరునామాలో కాపురముంటూ ఉప్పు కూలి పని చేసుకొని జీవించుచున్నాను. సోమవారం నాడు ఉదయం సుమారు 10 గంటల సమయమున సదరు నూకరాజు తన భుజముపై పారతో తూము గట్టు మీద నిలబడియుండగా నేను స్వయముగా చూసియున్నాను.'" కాగితం దించాడు. "మనిషి ఎలా మాట్లాడుతుంది, ఈ గున్నమ్మ?"

"మామూలుగానే సార్. మనవాళ్ళ యాస."

"మరి ఇందులో ఆమె మాట ఏది?"

మురహరికి ఒళ్ళు మండింది. రాజమండ్రి నుంచి ఇటు ఏ స్టేషన్లోనైనా వాంగ్మూలం ఇలాగే రాస్తారు. ట్రైనింగులోనూ ఇలాగే నేర్పారు. "అర్థం మారలేదు కద సార్," అన్నాడు.

"ఆమెకి గడియారం ఉందా?"

"లేదు సార్. అంబలేళ అంది. అంబలి తాగే వేళ. నేను పది అని రాశాను."

"అంబలేళ అంటే పదా?"

ఇక్కడ మురహరి ముఖంలో చిన్న నవ్వు వచ్చింది. గురువుగారిది విజయనగరం, అదీ టౌను. మురహరి ఈ జిల్లాలోనే లోపల మెట్ట ఊళ్ళో పుట్టి, చోడి అంబలి తాగి పెరిగినవాడు. పదో తరగతి దాకా నాన్నతో పొలానికి వెళ్ళాడు. అమ్మ నెత్తిన కుండ పెట్టుకుని గట్టు మీద నడిచి వచ్చేది సరిగ్గా బడి గంట కొట్టే వేళకి.

"మా ఇంటి మాట సార్ అది. దాని గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు."

తవిటినాయుడు కూర్మారావు వాంగ్మూలం తీశాడు. అందులోనూ పది గంటలే. "ఈయన కూడా అంబలేళ అనే అన్నాడా?"

"అన్నాడు సార్. ఇద్దరి మాటా ఒక్కలాగే ఉంది. అందుకే నాకు నమ్మకం."

"ఎక్కడ అడిగావు వీళ్ళని?"

"ఇక్కడే సార్, వరండాలో. అందర్నీ ఒకేసారి పిలిపించాను."

"గున్నమ్మని కూడానా? ఆడమనిషిని వాళ్ళింటి దగ్గరే అడగాలి నాయనా. స్టేషనుకి రప్పించకూడదు."

మురహరి నేల చూశాడు. ఆ రూలు తెలియక కాదు. పదకొండు ఇళ్ళు తిరగడానికి బద్ధకించాడు.

తవిటినాయుడు కాగితాలన్నీ సర్ది దారం చుట్టాడు. "అంబలి తాగి చాలా ఏళ్ళయింది," అన్నాడు. "రేపు ఆ మళ్ళకే వెళ్దాం. వాళ్ళతోపాటు కూర్చుని తాగి వద్దాం. వచ్చాక సంతకం సంగతి చూద్దాం."

"రేపా సార్? పైవాళ్ళకి ఏం చెప్పమంటారు?"

"అంబలి తాగడానికి వెళ్ళామని చెప్పు."

"ఎన్ని గంటలకి బయల్దేరుదాం?"

"నువ్వే రాశావు కదయ్యా. పదికి అక్కడుండాలి."

మర్నాడు జీపు ఉప్పు మళ్ళు చేరేసరికి పది కొట్టడానికి అయిదు నిమిషాలుంది. చేతిలో ఉన్న హంతకుణ్ణి వదిలిపెట్టి అంబలికి బయల్దేరిన ఆఫీసర్ని మురహరి ఎక్కడా చూడలేదు, వినలేదు.

జీపు దిగి ఇద్దరూ గట్టెక్కారు.

మళ్ళల్లో ఒక్కరు లేరు.

వైశాఖపు ఎండ. ఎటు చూసినా తెల్లగా ఉప్పు, దాని మీంచి వెలుగు కళ్ళల్లోకి పొడుస్తోంది. కళ్ళు చిట్లించినా నాలుగు బారల దూరం కనబడటం లేదు. పొద్దున లాగిన ఉప్పు గట్ల మీద చిన్న చిన్న పోగులుగా ఆరుతోంది. పారలు, ఉప్పు లాగే చెక్కలు ఒకచోట చేర్చి తాటాకు కప్పి ఉన్నాయి. హత్య జరిగిన దగ్గర్నుంచీ కొఠారు తలుపుకి తాళం.

మురహరి గడియారం చూసుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు. తవిటినాయుడు జేబురుమాలు నెత్తిన వేసుకుని ఊరి వైపు నడక మొదలుపెట్టాడు.

గున్నమ్మ తన ఇంటి అరుగు మీద కొంగు పరుచుకుని పడుకుని ఉంది. అరవై ఏళ్ళుంటాయి. చూరు కింద అంబలి కుండ కడిగి బోర్లించి ఉంది. అడుగు కూడా పొడిగా ఆరిపోయింది. పోలీసుల్ని చూసి లేచి చీర సర్దుకుంది.

"ఏటి బాబూ, మళ్ళీ రమ్మంతారేటి?"

"లేదమ్మా, మేమే వచ్చాం," అన్నాడు తవిటినాయుడు. "మీతోపాటు అంబలి తాగుదామని."

గున్నమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. వేళాకోళం ఆడుతున్నాడేమో అనుకుంది. కాదని తేలాక పక్కింటి ఆవిణ్ణి పిలిచి మరీ నవ్వింది.

"ఇంత పొద్దెక్కినాక అంబలేటి బాబూ? ఆ కుండ కడిగీసి ఎంతసేపయినాదో. మావు మళ్ళల్లోకి దిగీది సుక్క పొడిసీటప్పుడు. రెండు మళ్ళు లాగీసరికి తెల్లారతాది. పొద్దు ఆ సరుగుడు సెట్ల మీదకి రాకముందే అంబలి తాగీత్తాం. ఈ ఎండలో మళ్ళల్లో ఎవులుంతారు? కళ్ళు పోవా?"

మురహరి ఆ బోర్లించిన కుండ వైపు చూశాడు.

అమ్మ వచ్చే వేళ గుర్తొచ్చింది, నెత్తిన కుండతో, బడి గంటకి. అది మెట్ట ఊరు. అక్కడ నాగలి కట్టేది తెల్లారాక. అంబలి తాగేది ఆకలి వేసినప్పుడు కదా. ఆకలి వేసేది పని మొదలుపెట్టిన దాన్ని బట్టి కదా. ఇంత చిన్న లెక్క తనకి తట్టలేదు.

అరుగు కింద చతికిలబడ్డాడు. ఈసారి కాగితం తియ్యలేదు.

"అమ్మా, అంబలి తాగినాక టౌను బస్సు వస్తుందా, ముందే వస్తుందా?"

"తాగినాకే బాబూ. తాగి, ఇంకో మడి లాగతన్నప్పుడు రోడ్డు మీద ఆరను ఇనబడతాది."

"అది ఎనిమిది గంటల బస్సేనా?"

"మాకు ఉన్నది ఆ ఒక్క బస్సే."

"ఆ రోజు నూకరాజుని నువ్వు చూసినప్పుడు నువ్వేం చేస్తున్నావు?"

"అంబలి పోత్తన్నాను. ఆడూ వొచ్చి గుక్కెడు తాగినాడు. పార తాటాకు కింద పెట్టీసి, కాళ్ళు సూపించుకుంతాను పిన్నీ అని రోడ్డు మీదకి ఎల్లిపోనాడు. కుంటుకుంటా ఎల్లినాడు, పాపం."

"ఇదంతా మొన్న ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు అడగలేదు బాబూ. నాను అంబలేళ అన్నాను, మీరు రాసీసుకున్నారు. అయిపోనాది, ఎల్లు అన్నారు."

ఆ మాటలో ఆరోపణ లేదు. ఉంటే మురహరికి కాస్త తేలిగ్గా ఉండేది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. కాకపోతే యూనిఫారంలో ఉన్నాడు, ఊరు చూస్తోంది.

తవిటినాయుడు లేచాడు. గున్నమ్మ ఇచ్చిన చల్ల తాగి, గ్లాసు తనే కడిగి అరుగు మీద పెట్టాడు.

అక్కణ్ణుంచి ఇద్దరూ పెద్దాసుపత్రికి వెళ్ళారు. చీటీ మీద టైము లేని మాట నిజమే. కానీ కట్లు కట్టే గదిలో ఇంకో పుస్తకం ఉంది. సోమవారం పేజీలో నాలుగో పేరు నూకరాజుది, ఊరు రేవుగండి, రెండు కాళ్ళకీ. తొమ్మిదిన్నరకి డాక్టరు రౌండుకి వచ్చేలోపల పది మందికి కట్టేశానని నర్సు చెప్పింది. మూడు రోజుల కింద ఒక్కసారి వచ్చి తలుపు తట్టి ఉంటే దొరికేది ఆ పేజీ.

తిరిగి వస్తుంటే మురహరి, "సార్, మరి కూర్మారావు?" అన్నాడు.

తవిటినాయుడు కిటికీ లోంచి బయటికి చూస్తున్నాడు.

"నేను గున్నమ్మని అడుగుతున్నప్పుడు అతను పక్క బెంచీ మీదే ఉన్నాడు సార్. ఆమె అంబలేళ అంది, నేను పది గంటలా అని పైకి అనుకుంటూ రాశాను. తరవాత అతను వచ్చి అదే మాట చెప్పాడు." ఆగాడు. "నేనే అప్పజెప్పాను సార్ అతనికి."

"అడుగు అతన్ని," అన్నాడు గురువుగారు. "ఒక్కణ్ణే కూర్చోబెట్టి అడుగు. నువ్వు తక్కువ మాట్లాడు."

కూర్మారావు డిగ్రీ చదివినవాడు, చేతికి గడియారం ఉన్నవాడు. గున్నమ్మ కూడా పది అనే చెప్పిందన్న ధీమాతో కుర్చీలో కూర్చున్నాడు. తెల్లారి మళ్ళల్లో దిగే మనిషి కాదు, మిగతావాళ్ళు ఇళ్ళకి పోయాక వచ్చి కొఠారు తలుపు తీసే మనిషి. మురహరి తక్కువ మాట్లాడాడు. ఆ రోజు ఏం చూశారో చెప్పండి అన్నాడు, అంతే.

"చెప్పాను కదండీ. పది, పదింబావు అయ్యుంటుంది. నూకరాజు పార పట్టుకుని గట్టు మీద ఉన్నాడు. మేస్త్రీని బూతులు తిడుతున్నాడు."

"చుట్టుపక్కల ఇంకెవరున్నారు?"

"ఆడకూలీలు. గట్టు కింద కూర్చుని అంబలి తాగుతున్నారు. గున్నమ్మ కూడా ఉంది, కావాలంటే అడగండి."

మురహరి ఆ మాటలు ఆ మాటలుగానే రాసుకున్నాడు. సదరు లేదు, సుమారు లేదు.

అతను వెళ్ళగానే గురువుగారి గదిలోకి పరుగున వచ్చాడు. "అబద్ధం సార్. పదికి అక్కడ పురుగు కూడా ఉండదు. వీణ్ణి ఇప్పుడే లోపలెయ్యాలి."

"అబద్ధం చెప్పినందుకు లోపలేస్తే జిల్లాలో జైళ్ళు చాలవు," అన్నాడు తవిటినాయుడు. "మొన్న నూకరాజు విషయంలో నీకు ఇంతే గట్టిగా అనిపించింది కదా."

మురహరి గతుక్కుమన్నాడు. బయటికి వచ్చి, ఆ పదకొండు మంది పేర్లూ మళ్ళీ మొదటినుంచి రాసుకున్నాడు.

ఆ తరవాత రెండు రోజులూ అతను ఇంటింటికీ తిరిగాడు. ఒక్కొక్కరినీ విడివిడిగా, వాళ్ళ గుమ్మంలోనే అడిగాడు. ఆడవాళ్ళ దగ్గరికి మహిళా కానిస్టేబుల్ని వెంటబెట్టుకు వెళ్ళాడు. ఎన్ని గంటలకి అని ఎవర్నీ అడగలేదు. అప్పుడు నువ్వేం చేస్తున్నావు అని అడిగాడు. కానిస్టేబుళ్ళు మొదట నవ్వుకున్నారు. చిన్న గురువుగారు అని ఒకడు పేరు కూడా పెట్టాడు.

మంచినీళ్ళు మోసే పోలమ్మ దగ్గర దారం కొస దొరికింది. ఉప్పు మళ్ళల్లో మంచినీళ్ళంటే మాటలు కాదు. కిలోమీటరు మోసి కొఠారు దగ్గర డ్రమ్ము నింపుతుంది. అవి తాగడానికే, చెయ్యి కడగడానికి కూడా ఎవరూ ముట్టరు. సోమవారం తెల్లవారుజామున నిండా పోసిన డ్రమ్ము, మధ్యాహ్నం లారీవాళ్ళకి నీళ్ళివ్వడానికి చూస్తే అడుగంటి ఉంది. పక్కన నేల తడిగా, సబ్బు వాసనతో ఉంది. గుమాస్తాని అడిగితే డ్రమ్ముకి చిల్లు పడిందన్నాడు. పోలమ్మ ఆ సాయంత్రమే మళ్ళీ నీళ్ళు పోసింది. చుక్క కారలేదు.

"ఈ సంగతి మొదటి రోజే చెప్పాల్సింది కదమ్మా," అన్నాడు మురహరి.

పోలమ్మ మహిళా కానిస్టేబుల్ వైపు చూసింది. మురహరి అర్థం చేసుకుని వీధిలోకి వెళ్ళి నిలబడ్డాడు. అరగంట తరవాత కానిస్టేబుల్ బయటికొచ్చి చెప్పింది. పోలమ్మ కూతురు కొత్తగా పనిలో చేరింది. గుమాస్తా ఆ పిల్ల వెంట పడుతున్నాడు. పోలమ్మ వెళ్ళి మేస్త్రీ దాలయ్య దగ్గర ఏడ్చింది. సోమవారం అందరూ ఇళ్ళకి పోయాక కూర్మారావుని నిలేసి అడుగుతానని, వినకపోతే యజమానికి ఫోను చేస్తానని దాలయ్య మాటిచ్చాడు. వరండాలో అంతమంది మగాళ్ళ ముందు, పక్క బెంచీ మీద ఆ గుమాస్తాయే కూర్చుని ఉండగా, ఆ తల్లి ఈ మాట ఎలా చెబుతుంది?

అప్పటికి ఇంకా అరెస్టు లేదు. కూర్మారావు, దాలయ్య ఫోన్లలో ఎవరు ఎవరికి ఎప్పుడు చేశారో రాతపూర్వకంగా తెప్పించారు. తొమ్మిదీ నలభైకి కూర్మారావు దాలయ్యకి ఫోను చేశాడు, రెండు ఫోన్లూ అక్కడి టవరు కిందే ఉన్నాయి. పదకొండు వేళ తడిచొక్కాతో బండి మీద ఎదురైన గుమాస్తాని లారీ డ్రైవరు గుర్తుపట్టాడు. ఇవన్నీ ఒకచోట చేరాక తవిటినాయుడు కళ్ళజోడు పెట్టుకుని మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా చదివాడు. పక్కనున్న పెన్ను తీసుకున్నాడు.

మధ్యాహ్నం రెండింటికి కూర్మారావు ఇంటికి వెళ్ళారు. అతను అప్పుడే అన్నానికి కూర్చున్నాడు. భార్య పప్పు వడ్డిస్తోంది. జీపు చప్పుడుకి ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

మురహరి గబగబా లోపలికి వెళ్ళి అతని చొక్కా కాలరు పట్టుకున్నాడు. వారం రోజుల కోపం ఆ చేతిలోకి వచ్చింది. అందులో సగం కూర్మారావు మీద, సగం తన మీద.

వెనకనుంచి గురువుగారు వచ్చి ఆ చేతి మీద తన చెయ్యి వేశాడు. లాగలేదు, నొక్కలేదు. అలా ఉంచాడు. మురహరి కాలరు వదిలేశాడు.

"తినండి," అన్నాడు తవిటినాయుడు కూర్మారావుతో. "మేం గుమ్మంలో ఉంటాం."

కూర్మారావు తినలేదు. చెయ్యి కడుక్కుని వచ్చాడు. దాలయ్య హత్య కేసులో అతన్ని అరెస్టు చేస్తున్నామని, ఎందుకు చేస్తున్నామో, వకీలుని పెట్టుకునే హక్కు ఉందని మురహరి తెలుగులో, అర్థమయ్యేటట్టు చెప్పాడు. అరెస్టు కాగితం మీద టైము వేసి భార్య చేత సాక్షి సంతకం పెట్టించాడు. ఎక్కడికి తీసుకెళ్తున్నారో, రేపు ఏ కోర్టులో హాజరుపరుస్తారో ఆమెకి చెప్పాడు. ఆమె విందో లేదో తెలియదు. విస్తరి వైపే చూస్తోంది.

స్టేషన్లో, ఎవరూ గట్టిగా అడగకుండానే, కూర్మారావు దాలయ్యని కొట్టిన గునపం ఎక్కడ పడేశాడో చెప్పాడు. ఊరి పెద్దలిద్దర్ని మధ్యవర్తులుగా తీసుకువెళ్ళి, వాళ్ళ కళ్ళముందే పాత తూము గోతిలోంచి దాన్ని తీయించి, అక్కడే పంచనామా రాశారు. డాక్టరు చేత అతన్ని పరీక్ష చేయించారు. మర్నాడు మధ్యాహ్నం లోపే మేజిస్ట్రేటు ముందు నిలబెట్టారు.

కోర్టు నుంచి తిరిగొస్తూ మురహరి జీపుని రేవుగండి వైపు తిప్పమన్నాడు.

నూకరాజు ఇంటిముందు పైడితల్లి చేపలు ఎండబెడుతోంది. జీపు తన గుమ్మంలో ఆగడం చూసి చేతిలో చేట పడేసింది. లోపలికి పరుగెత్తి తలుపుకి అడ్డంగా నిలబడింది. మనిషి బక్కగా ఉంటుంది. ఆమెను పక్కకి నెట్టడానికి ఒక చెయ్యి చాలు. అయినా నిలబడింది.

"అరెస్టుకి రాలేదమ్మా," అన్నాడు మురహరి. "నీ మొగుడి తప్పేమీ లేదు. ఆ మాట చెప్పడానికే వచ్చాను."

ఆమె నమ్మలేదు. వెనకనుంచి నూకరాజు కుంటుకుంటూ వచ్చాడు. కాళ్ళకి ఇంకా కట్లున్నాయి, ఉప్పు మురికి పట్టి నల్లబడ్డాయి. మురహరి చెప్పింది మొత్తం విన్నాడు. సంతోషం లాంటిదేదీ అతని ముఖంలో కనబడలేదు.

"నానూ ఇదే సెప్పినాను కద బాబూ," అన్నాడు. "బస్సెక్కినానని, కట్టు కట్టించుకున్నానని. మొదటి రోజే సెప్పినాను."

"చెప్పావు."

"అప్పుడు మరి నా మాట ఎందుకు ఇనలేదు?"

మురహరి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "తప్పు నాది," అన్నాడు చివరికి. నూకరాజు తల ఊపాడు. ఊపి, గోడ పట్టుకుని మెల్లగా లోపలికి వెళ్ళిపోయాడు. పైడితల్లి పడేసిన చేట తీసుకుని, మట్టిలో పడ్డ చేపల్ని ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది.

జీపు సరుగుడు తోటలు దాటి పెద్దరోడ్డు ఎక్కాక మురహరి అడిగాడు.

"సార్, ఒక మాట. వాంగ్మూలం చదవగానే నా తప్పు మీకు తెలిసిపోయింది కదా. ఆ మళ్ళల్లో పదికి ఎవరూ ఉండరని తెలిసే నన్ను తీసుకెళ్ళారు."

తవిటినాయుడు తల తిప్పి అతని వైపు చూశాడు. ఆ ముఖంలో నిజంగానే ఆశ్చర్యం ఉంది.

"నాకెలా తెలుస్తుందయ్యా?" అన్నాడు. "తెలీదు కాబట్టే వెళ్దామన్నాను. అంబలి తాగుదామని ఆ పూట టిఫిన్ కూడా మానేశాను."